వాసల్‌లో కొలంబియా యుద్ధం: నాలుగేళ్లు మెయిల్లో ఆడాక

రాత్రి పదిన్నరకి షాపు లెక్కలు ముగించి లాప్‌టాప్ తెరుస్తాను. గుంటూరు నుంచి బావ పంపిన లాగ్ ఫైల్, అంటే మా బోర్డు ఆటలో తన వంతు కదలికల రికార్డు, మెయిల్లో ఉంటుంది. దాన్ని వాసల్ అనే, కంప్యూటర్లో బోర్డు ఆటలు ఆడే ప్రోగ్రామ్‌లో తెరిచి పేజ్ డౌన్ నొక్కుతాను. కాలీ నగరంలో అప్పటిదాకా అజ్ఞాతంలో ఉన్న ఒక ఎర్ర గెరిల్లా ముక్క తిరగబడి నక్షత్రం చూపిస్తుంది, పక్కనే టెర్రర్ మార్కర్ పడుతుంది. ఇంకోసారి నొక్కితే పాచిక. ఐదు. నా ఖజానాలోంచి ఐదు రిసోర్సులు బావ ఖాతాలోకి వెళ్ళిపోతాయి. కిడ్నాప్ చేశాడన్నమాట.

ఈ పేజ్ డౌన్ కోసమే నేను నాలుగేళ్లుగా ఆండియన్ అబిస్ అనే కొలంబియా యుద్ధపు బోర్డు ఆటని ఇలా దూరం నుంచి ఆడుతున్నాను. బ్రాడీపేటలో బావ ఇంట్లో అసలు పెట్టె ఉంది. చాప మీద మ్యాప్ పరిచి రెండు వేసవుల్లో ఆడాం కూడా. కానీ అక్కడ నేను టీ కప్పు కింద పెట్టేలోపు బావ వంతు అయిపోయేది. ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చాడో, ఏది ముందు చేశాడో అడిగి తెలుసుకోవాల్సిందే. లాగ్ ఫైల్‌లో అవతలివాడి ఆలోచన ఒక్కో అడుగుగా కనిపిస్తుంది. కావాలంటే మొదటి నుంచి మళ్ళీ చూడొచ్చు. ఫార్క్ (కొలంబియా వామపక్ష గెరిల్లాలు) దళాలు ముందు కొండల్లో చేరి, ఆ తర్వాత నగరం అంచుకి ఎందుకు వచ్చాయో నాకు మూడోసారి చూసినప్పుడు అర్థమైన రాత్రులున్నాయి.

ఆట గురించి తెలిసినవాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు. వోల్కో రూంకే 2012లో చేసిన ఆట, 1990ల కొలంబియా. గవర్నమెంటు నేను, ఫార్క్ బావ, ఏయూసీ (ఫార్క్‌తో పోరాడే ప్రైవేటు సాయుధ దళం) బెంగళూరులో ఉండే మా తమ్ముడు, కార్టెల్స్ (మాదకద్రవ్యాల ముఠాలు) బావ కాలేజీలో పనిచేసే లెక్చరర్ గారు. 2021లో కరోనా సమయంలో మొదలుపెట్టాం. ఒక్కో ఆటకి పది నెలల పైనే పట్టింది.

ఇక అసలు సంగతి. మూడో ఆట మధ్యలో ఉన్నాం. 2024 ఆగస్టు 31, శనివారం. రోజంతా కుండపోత. మాది విజయవాడ సింగ్ నగర్. ఆ రాత్రి కూర్చుని నా వంతు ఆడాను. మెటా అనే ప్రాంతంలో అజ్ఞాతంలో ఉన్న ఫార్క్ దళాలని బయటపెట్టడానికి స్వీప్ చేశాను. దాంతో ఆ కార్డు పూర్తయింది కాబట్టి పేకలోంచి తర్వాతి కార్డు తిప్పాను. ప్రొపగాండా కార్డు వచ్చింది. ఈ ఆటలో దానికంటే పెద్ద కార్డు లేదు. గెలుపు లెక్క చూసేది అప్పుడే. లాగ్ ముగించి సేవ్ చేశాను. అప్పటికే నెట్ పోయింది. పొద్దున పంపుదాంలే అని లాప్‌టాప్‌ని కింద వాటాలో బల్ల మీదే వదిలేసి పడుకున్నాను.

తెల్లవారేసరికి బుడమేరు నీళ్ళు వీధిలో ఉన్నాయి. అమ్మనీ పిల్లలనీ మేడ మీదికి ఎక్కించి, బియ్యం డబ్బా, అమ్మ మందులు పైకి చేర్చి మళ్ళీ దిగితే వంటింట్లో ఖాళీ సిలిండర్ తేలుతోంది. లాప్‌టాప్ గుర్తొచ్చేసరికి బల్ల మునిగిపోయింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం అని, ఫోన్లో ఇంకా చార్జింగ్ ఉన్న పక్కింటాయన డాబా మీద నుంచి చదివి చెప్పాడు. నాలుగు రోజులు పైనే ఉన్నాం. పడవలో వచ్చినవాళ్ళు పాల ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు మేం తాడు కట్టి దించిన బకెట్లో వేసేవాళ్ళు. ఆ రోజుల్లో ఆట సంగతి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

నీళ్ళు తీశాక ఇల్లు కడుక్కోవడానికే రెండు వారాలు పట్టింది. సాయానికి వచ్చిన బావ వెళ్తూ వెళ్తూ తన పాత లాప్‌టాప్ ఇచ్చి వెళ్ళాడు, షాపు పనికి పనికొస్తుందని. ఆ రాత్రి దాంట్లో వాసల్ వేసుకున్నాను. అది ఉచితమే. ఆట మాడ్యూల్ దించుకుని, ఆగస్టు 30న బావ పంపిన మెయిల్ వెతికి ఆ లాగ్ ఫైల్ తెరిచాను. పోలీసులు, సైనికులు, అజ్ఞాతంలో ఉన్నవాళ్ళు, లోపల తమ్ముడి పసుపు స్థావరాలు, లెక్చరర్ గారి కోకా తోటలు, ఎవరి దగ్గర ఎన్ని రిసోర్సులు, పేకలో కార్డుల వరస, అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. మా ఇంట్లో ఒక్క వస్తువు కూడా తన చోట లేని రోజులవి. నేను కాసేపు ఏమీ నొక్కకుండా ఆ మ్యాప్‌నే చూస్తూ కూర్చున్నాను.

పోయింది ఒక్కటే, నేను పంపని నా వంతు. అక్కడే చిక్కు వచ్చింది. కార్డుల వరస మారలేదంటే నా వంతు తర్వాత తిప్పితే వచ్చేది ప్రొపగాండా కార్డే. అది నాకు తెలుసు, మిగతా ముగ్గురికీ తెలియదు. తెలిసి ఆడితే స్వీప్ ఎవరు చేస్తారు? పోలీసులని దించి ట్రైన్ చేసి, సివిక్ యాక్షన్‌తో సపోర్ట్ (జనం మద్దతు) పెంచుకుంటే 60 దాటేది. 60 దాటితే గవర్నమెంటు గెలిచినట్టే. ఫైల్ ముందుంది, అడిగేవాళ్ళు లేరు. బావకి ఫోన్ చేశాను.

"బావా, నాకు తర్వాతి కార్డు తెలుసు. ఆ రాత్రి తిప్పి చూశాను."

"చెప్పావుగా, చాలు. ఆ రోజు ఏం ఆడావో అదే ఆడు. గుర్తుందా?"

గుర్తుంది. అదే స్వీప్ మళ్ళీ ఆడి పంపాను. ప్రొపగాండా కార్డు వంతు వచ్చేసరికి సపోర్ట్ 58 దగ్గర ఆగిపోయింది. అధ్యక్షుడి గుర్తు సాంపెర్ నుంచి పాస్త్రానాకి జరిగింది, మెటాలో ఫార్క్ జోన్ పడింది. ఇక అక్కడికి నా సైన్యం అడుగు పెట్టడానికి లేదు. అప్పటిదాకా ఆ రూల్ గవర్నమెంటు మీద కక్షతో పెట్టినట్టుండేది నాకు. తర్వాత చదివాను. 1998లో పాస్త్రానా ప్రభుత్వం శాంతి చర్చల కోసం నిజంగానే సైన్యాన్ని వెనక్కి తీసి ఫార్క్‌కి 42,000 చదరపు కిలోమీటర్లు వదిలింది. మన పాత కృష్ణా, గుంటూరు జిల్లాలు రెండూ కలిపినా అందులో సగం రావు. ఆ జోన్‌లో మెటా మునిసిపాలిటీలు నాలుగున్నాయి. 2002 ఫిబ్రవరిలో గానీ ఆ ఏర్పాటు రద్దు కాలేదు.

వరద తర్వాత నాకు ఆటలో ఇంకోటి మారింది. సివిక్ యాక్షన్‌లో 3 రిసోర్సులు కడితే ఒక టెర్రర్ మార్కర్ తీయొచ్చు, లేదా జనం మద్దతు ఒక మెట్టు పెంచొచ్చు. ఇంతకుముందు అది నాకు ఒట్టి లెక్క. ఇప్పుడా మూడు కట్టేటప్పుడు తాడు కట్టిన బకెట్ గుర్తొస్తుంది. ఆ మూడూ లేక ఒక జిల్లాని అలాగే వదిలేసి ముందుకు పోయినప్పుడు నిజంగానే మనసు బరువెక్కుతుంది. ఆ దేశంలో ఈ యుద్ధంలో ఊళ్ళు వదిలి పోయినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. 2016 శాంతి ఒప్పందం దాకా అది నడిచిందని మర్చిపోయి ఆడటం నాకిప్పుడు చేతకాదు.

మొదటి రెండేళ్లు కనిపించిన ప్రతివాళ్ళకీ, ఇలా ఆడటం బల్ల మీద కంటే మేలు అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. పాచిక వేసేది ఎవరి కంప్యూటర్లో వాళ్ళే. నచ్చని అంకె పడితే ఆ ఫైల్ పారేసి మళ్ళీ మొదలుపెట్టే వీలుంది, ఎవరికీ తెలియదు. మా నలుగురి మధ్య ఆ అనుమానం లేదు కాబట్టి నడుస్తోంది. ముక్కు మొహం తెలియని వాళ్ళతో అయితే నేను ఆడను. వాసల్‌కి రూల్స్ తెలియవు, ముక్కని ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. రెండో ఆటలో ఒక తప్పు కదలిక ఆరు వంతుల తర్వాత గానీ దొరకలేదు. దొరికింది కూడా పాత లాగ్‌లు తిరగేస్తేనే అనుకోండి. రూల్స్ తనే చూసుకునే ఆటలు ఇప్పుడు బ్రౌజర్లోనే దొరుకుతున్నాయి, కొత్తవాళ్ళకి అవే నయం. ఫోన్లో వాసల్ నడవదు. చిన్న స్క్రీన్ మీద కొలంబియా మొత్తం ఒకేసారి కనపడదు, నా కళ్ళకి రాత్రి పూట అది కష్టంగానే ఉంది.

ఆలస్యం సంగతి వేరే చెప్పాలి. ఒక్కో కార్డుకి ఇద్దరే ఆడతారు గానీ ముందున్నవాడు పాస్ అంటాడో లేదో తేలేదాకా వెనకవాళ్ళు ఆగాలి. లెక్చరర్ గారికి పరీక్షల సీజన్ వస్తే మూడు వారాలు బండి కదలదు. మేం వాట్సాప్ గ్రూపులో "పాస్" అని ఒక్క మాట ముందే పెట్టేయడం మొదలుపెట్టాక కొంత మెరుగు.

వారానికోసారి నలుగురు ఒకచోట కూర్చోగలిగితే పెట్టె కొనుక్కుని బల్ల మీద ఆడమనే చెప్తాను. నాకు రాత్రి పది దాటాక గంట తప్ప ఖాళీ లేదు, గుంటూరు గంట దూరమే అయినా ఆ గంట దొరకదు. నాకిది సరిపోయింది. ఒకే ఒక్క మార్పు చేసుకున్నాను. లాగ్ ముగించిన వెంటనే, నెట్ లేకపోతే ఫోన్ డేటా పెట్టుకుని అయినా సరే, పంపాకే లేస్తాను.

నాలుగో ఆట సంక్రాంతి తర్వాత మొదలైంది. ఈసారి ఫార్క్ నేను, గవర్నమెంటు బావ. నిన్న రాత్రి ఆయన ఫైల్ వచ్చింది. సగం దాకా నొక్కి ఆపాను. బొగోటాలో పోలీసులు దిగుతున్నారు.