రూగర్ 10/22 చాలా, వోల్క్వార్ట్‌సెన్‌కు పోవాలా?

అమెరికాలో .22 (చిన్న తూటా) సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనేవాళ్లను వేధించే ప్రశ్న ఇది. 1964 నుంచి వస్తున్న రూగర్ 10/22 ధర సుమారు 300–400 డాలర్లు. అదే డిజైన్‌ను మెరుగుపరిచి వోల్క్వార్ట్‌సెన్ కంపెనీ చేసే రైఫిల్ కావాలంటే సుమారు 1,500 డాలర్ల పైనే.

ట్రిగ్గర్: తేడా ముందు వేలికి తెలిసేది ఇక్కడే. రూగర్ ట్రిగ్గర్ నొక్కడానికి ఐదారు పౌండ్ల బలం కావాలి (దీన్నే ట్రిగ్గర్ బరువు అంటారు), వోల్క్వార్ట్‌సెన్‌కు రెండుంబావు దగ్గర. అయితే రూగర్ వాళ్ల బీఎక్స్ ట్రిగ్గర్ వంద డాలర్ల లోపే దొరుకుతుంది. రెండు పిన్నులు తీసి బిగిస్తే బరువు మూడు పౌండ్లకు లోపే. సగం తేడా అక్కడే తీరిపోతుంది.

బ్యారెల్: వోల్క్వార్ట్‌సెన్‌కు ఉండే మ్యాచ్ (పోటీ స్థాయి) బ్యారెల్‌కు ఛాంబర్, అంటే తూటా కూర్చునే చోటు, బిగువు. గురి కుదిరేది అందుకే, మురికి పేరుకుంటే తూటా ఇరుక్కునేదీ అందుకే. పెద్ద పెట్టెల్లో టోకుగా వచ్చే చవక తూటాలే వాడేటట్లయితే ఆ డబ్బు వృథా.

శుభ్రం చేయడం: మామూలు రూగర్ రిసీవర్‌కు (బ్యారెల్ బిగించే ప్రధాన భాగం) వెనుక రంధ్రం లేదు, శుభ్రం చేసే రాడ్‌ను బ్యారెల్ మూతి వైపు నుంచే దూర్చాలి. అజాగ్రత్తగా చేస్తే మూతి అంచు అరిగి గురి చెడుతుంది.

మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె): రెండింటికీ ఒకటే.

ఉడుతల వేటకు, డబ్బాలు కొట్టడానికి, నేర్చుకునేవారికి రూగర్ చాలు. ప్రతి నెలా పోటీలకెళ్తూ, మంచి తూటాలకు ఖర్చుపెట్టేవారికే రెండోది.

హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్న మనవాళ్లు ధరకన్నా ముందు చట్టం చూడాలి: చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకి దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం.