మూతపడ్డ పాత సత్రం: హోటలా, ఇళ్లా, అన్నీ కలిపా? ఏది మేలు?

మేముండేది స్విట్జర్లాండ్ ఉత్తరాన, జర్మనీ సరిహద్దుకు ఆనుకున్న క్లెట్‌గౌ లోయలో. చుట్టూ ద్రాక్షతోటలే. మా వాటా ఒక పాత సత్రం మేడ మీద ఉంది. నేలకింద రాతి కమానుల వైన్ సెల్లార్, నేల మీద రెస్టారెంట్, పైన ఒకప్పుడు బాటసారులు పడుకున్న గదుల్ని కలిపి చేసిన నాలుగు వాటాలు. శనివారం సాయంత్రం కింద ఉల్లిపాయలు వేగుతున్నాయంటే పైన మా పిల్లలకి ఆకలి మొదలవుతుంది.

పక్క ఊళ్లో ఇలాంటిదే ఇంకో సత్రం మూతపడింది. నడిపేవాళ్లకి వయసైపోయింది, పిల్లలకి ఆసక్తి లేదు. దాన్నేం చెయ్యాలని ఊరంతా తర్జనభర్జన. మా ఇంట్లో కూడా.

సత్రం అన్నాను గానీ మాట సరిగ్గా అతకదు. మన సత్రంలో డబ్బు పుచ్చుకోరు. పూటకూళ్ల ఇంట్లో పుచ్చుకుంటారు. ఇక్కడి 'గాస్ట్‌హోఫ్' డబ్బు తీసుకుని తిండి, పడక రెండూ ఇచ్చే చోటు. పాతరోజుల్లో ఎవరు పడితే వాళ్లు పెట్టేయడానికి లేదు. కొన్ని ఇళ్లకి వైన్ పోసే అనుమతి మాత్రమే ఉండేది. వేడి వంట వడ్డించి రాత్రికి బస ఇచ్చే హక్కు 'తవెర్న' అనే ఇళ్లకే. పిండిమర, కమ్మరి కొలిమి లాగే ఆ హక్కు మనిషిది కాదు, ఇంటిది. ఇల్లు అమ్మితే హక్కూ దాంతోపాటే కొన్నవాళ్లకి వెళ్లేది. చదువురాని వాళ్లు కూడా గుర్తుపట్టేలా గుమ్మం ముందు ఎలుగుబంటి, సింహం, ఎద్దు బొమ్మలు ఇనుముతో చేసి వేలాడదీసేవారు. ఊళ్లో పెళ్లి భోజనాలు, తగువులు, డాన్సులు, చావు తర్వాత కాఫీ, అన్నీ అక్కడే. అందుకే అది మూతపడితే ఊరివాళ్లకి అంత దిగులు.

ఇక దారులు చూద్దాం.

మొత్తం హోటల్ చేసెయ్యాలని మొదట అందరికీ అనిపిస్తుంది. నాకు మాత్రం ఇది కుదిరే పనిగా కనిపించదు. గుర్రబ్బండి రోజుల్లో రాత్రయితే ఆగక తప్పేది కాదు. రైలు, ఆ తర్వాత కారు వచ్చాక ఈ దారిలో ఆగాల్సిన పనే లేదు. పాత గదులు చిన్నవి, ప్రతి గదికీ బాత్‌రూమ్ కావాలి, అగ్నిప్రమాదమైతే దిగడానికి వేరే మెట్లు కావాలి. ద్రాక్షకోతల సీజన్ సరే, జనవరిలో ఎవరొస్తారు?

మొత్తం ఇళ్లు చేస్తే డబ్బు బాగా వస్తుంది. బిల్డర్ అడిగేదీ అదే. కానీ ఒకసారి అలా చేస్తే వెనక్కి రావడం ఉండదు. రచ్చబండ లాంటి ముందుగది ఎవరిదో పడకగది అవుతుంది, సెల్లార్‌లోకి సైకిళ్లు, వాషింగ్ మెషీన్లు చేరతాయి. ఇంగ్లండ్ పల్లెల్లో పబ్బులకి ఇదే జరుగుతోందని 2011లో ఒక చట్టం తెచ్చారు. ఊరివాళ్లు ముందే తమ పబ్బును జాబితాలో పెట్టించుకుంటే, యజమాని అమ్మకానికి పెట్టినప్పుడు డబ్బు కూడగట్టుకోవడానికి వాళ్లకి ఆరునెలల గడువు దొరికేలా అందులో రాశారు. అయితే ఆఖరికి వాళ్లకే అమ్మి తీరాలన్న నియమం అందులో పెట్టలేదు. ఆ చట్టానికి ముందే 2003లో కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్ ఊరివాళ్లు తలా కొంత వేసుకుని తమ 'ఓల్డ్ క్రౌన్' పబ్బును కొనేశారు. నాకు భలే నచ్చిన కథ అది. కానీ నలుగురిదైన పనికి ఎప్పుడూ ఎవరో ఒకరు పూనుకోవాలి. మొదటేడు ఉత్సాహం పదో ఏడు ఉంటుందా అంటే, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల అనుభవంతో నేను గట్టిగా చెప్పలేను.

మా ఆవిడకి నచ్చింది ఇటలీ పద్ధతి. దాన్ని 'అల్బెర్గో దిఫ్యూజో' అంటారు. అంటే ఊరంతా పరుచుకున్న హోటల్. 1976లో ఫ్రియూలి ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. తర్వాత ఇళ్లు బాగుచేసుకున్నారు గానీ ఉండేవాళ్లు లేరు. అక్కడి కొమెల్యాన్స్ అనే ఊళ్లో ఆ ఖాళీ ఇళ్లనే గదులుగా ఇద్దామన్న ఆలోచన పుట్టింది. ఒక చోట రిసెప్షన్, ఇంకో వీధిలో పడక, మరో ఇంట్లో భోజనం. అబ్రుజ్జోలో కొండమీది సాంతో స్తెఫానో ది సెస్సానియో అనే ఊరిని ఈ పద్ధతిలోనే మళ్లీ జనం నోళ్లలో పడేలా చేశారు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ అది ఖాళీ అయిపోయిన ఊళ్లకి మందు. మా లోయలో ఇళ్లు ఖాళీ లేవు, ఇళ్ల కోసం జనం వరసలో ఉన్నారు. జబ్బు వేరైనప్పుడు మందు ఎంత మంచిదైతే ఏం?

మిగిలింది మేముండే పద్ధతి: కింద వంట, పైన కాపురాలు, అడుగున వైన్. నేను దీనివైపే మొగ్గుతాను. అందులో ఉంటున్నాను కాబట్టి పక్షపాతం ఉంటే ఉండొచ్చు. కష్టాలు కూడా నాకే తెలుసు.

మొదటిది చప్పుడు. వచ్చిన కొత్తలో రాత్రి పదకొండింటికి కింద కుర్చీలు ఈడుస్తుంటే నిద్రపట్టక ఫోన్ చేశాను. మర్నాడు రెస్టారెంట్ నడిపే పెద్దాయన దళసరి ఉన్నిబిళ్లల పెట్టె చేతిలో పెట్టి, "రండి, ఇద్దరం కలిసి అంటిద్దాం" అన్నాడు. అరవై కుర్చీలు, రెండొందల నలభై కాళ్లు. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యలేదు. అలాగని నేనేం తక్కువ తినలేదు. ఒకరోజు ఎండుమిర్చి పోపు మాడితే ఆ ఘాటు మెట్ల మీదుగా దిగి, కింద వైన్ రుచి చూస్తున్న వాళ్లందరికీ దగ్గు తెప్పించింది. ఈసారి పైకి రావడం ఆయన వంతయింది.

రెండోది వాసన, పొగ. వంటింటి పొగగొట్టం ఇంటి మధ్యనుంచి కప్పుదాకా పోవాలి. అంటే ప్రతి అంతస్తులో కాస్త చోటు వదులుకోవాలి. వాటాలు కట్టేశాక గుర్తొస్తే గోడలు పగలగొట్టడమే.

సెల్లార్ సంగతి ఇంకా సున్నితం. కమానుల కింద ఏడాది పొడుగునా పది పన్నెండు డిగ్రీల చల్లదనం, తేమ ఉంటుంది. వైన్‌కి కావలసింది అదే. పైన ఇళ్లకని వేడినీళ్ల గొట్టాలు సరైన చుట్టు లేకుండా అందులోంచి లాగితే ఆ చల్లదనం పోతుంది. ఇంకో పొరపాటు, శుభ్రంగా ఉంటుందని మట్టినేల మీద కాంక్రీటు పొయ్యడం. నేలలోంచి పైకి రావలసిన తేమకి దారి మూసుకుపోయి గోడలెక్కుతుంది. కొన్నాళ్లకి రెస్టారెంట్ గోడ సున్నం పెచ్చులూడుతుంది. సెల్లార్‌లో దీపాలు పెట్టి ఫొటోలకి వాడుకునేకంటే చుట్టుపక్కల రైతుల పీపాలకి, సీసాలకి అద్దెకివ్వడం మేలని నా ఉద్దేశం. స్విస్ వైన్ బయటి దేశాలకి పోయేది నూటికి ఒకటి రెండు వంతులే, మిగతాదంతా ఇక్కడే తాగేస్తారు. మా లోయలో పండే పినో న్వార్ అనే ద్రాక్ష వైన్‌ని మా కింద గదిలోనే పోస్తుంటే సీసా ప్రయాణించేది పదిహేను మెట్లు.

ఇన్ని తంటాలున్నా దీన్నే ఎందుకంటానంటే, లెక్క ఇందులోనే కుదురుతుంది. పల్లెటూరి రెస్టారెంటు మీద మిగిలేది అంతంతమాత్రం. దానొక్కదాంతో పాత పెంకుల కప్పు మరమ్మతు చేయించడం జరిగేపని కాదు. పైనుంచి నెలనెలా వచ్చే నాలుగు అద్దెలు కప్పుని కాస్తాయి. సోమ, మంగళవారాల్లో రెస్టారెంట్ సెలవైనా పైన కిటికీల్లో దీపాలుంటాయి, మంచు పడితే గుమ్మం ముందు ఊడ్చేవాళ్లుంటారు.

ఒక షరతు మాత్రం ఉంది. వాటాలు అద్దెకివ్వాలి, అమ్మకూడదు. స్విట్జర్లాండ్‌లో 1965 నుంచి అంతస్తుల వారీగా సొంతం చేసుకోవచ్చు. అమ్మేస్తే మొదట్లో డబ్బు కళకళలాడుతుంది. పదేళ్లకి వాటాలు చేతులు మారతాయి. కొత్తగా కొన్నవాడికి రాత్రి పదింటికి కింద అకార్డియన్ వినిపిస్తే ఉన్నిబిళ్లలు గుర్తుకురావు, లాయరు గుర్తొస్తాడు. అద్దెకుంటే నచ్చనివాడు ఇల్లు మారతాడు, రెస్టారెంట్ మారదు.

పక్క ఊళ్లో సత్రం కొనాలా వద్దా అన్నది ఊరి సభలో చేతులెత్తి తేల్చుకుంటారట. పౌరసత్వం లేదు కాబట్టి నాకు చెయ్యెత్తే హక్కు లేదు, అసలది మా ఊరూ కాదు. మా కింది పెద్దాయనకి మాత్రం అక్కడ బంధువులున్నారు. ప్లాను చూశాడట. నాలుగు కాదు, ఆరు వాటాలు గీశారు. పొగగొట్టం ఎటు పోతుందో ఎక్కడా లేదు.