బ్రాడ్‌ఫర్డ్ పాకిస్తానీలు, ఓస్లో పాకిస్తానీలు

యూరప్‌లో పాకిస్తానీలు అనగానే అందరూ ఒకటే అనుకుంటాం గానీ ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ కథ వేరు, నార్వే రాజధాని ఓస్లో కథ వేరు. బ్రాడ్‌ఫర్డ్ వాళ్లలో ఎక్కువమంది పాకిస్తాన్ ఆధీనంలోని కశ్మీర్‌లో ఉన్న మీర్‌పూర్ వైపు వాళ్లు, 1967లో పూర్తయిన మంగ్లా డ్యామ్ కింద ఊళ్లు మునిగి లక్షమందికి పైగా నిర్వాసితులైతే అందులో చాలామంది బ్రిటన్ వచ్చి ఉన్ని మిల్లుల్లో, అక్కడివాళ్లు మాకొద్దన్న నైట్ షిఫ్టుల్లో చేరిపోయారు. ఇల్లు నీళ్లలో పోవడం అంటే ఏంటో మన శ్రీశైలం ముంపు ఊళ్లవాళ్లని అడగండి, చెప్తారు.

నార్వేకి వెళ్లినవాళ్లది ముంపు బాధ కాదు, పంజాబ్‌లో గుజ్రాత్ జిల్లా ఖారియాన్ వైపు నుంచి పని వెతుక్కుంటూ వెళ్లారు, 1975లో ఆ దేశం కొత్త కూలీలకి తలుపులు మూసేశాక భార్యాపిల్లల్ని తెచ్చుకున్నారు.

సైజులో అసలు పోలికే లేదు. 2021 జనాభా లెక్కల ప్రకారం బ్రాడ్‌ఫర్డ్‌లో నలుగురిలో ఒకరు పాకిస్తానీ మూలాలవాళ్లే, కొట్లో, మసీదులో, బస్టాప్‌లో వాళ్ల అమ్మభాష పహాడీతో రోజు గడిచిపోతుంది. ఓస్లోలో గ్రన్‌లాండ్ అనే పేటలో కూరగాయల కొట్టు దాటితే నార్వీజియన్ రావాల్సిందే. అమ్మభాష నిలబడాలంటే బ్రాడ్‌ఫర్డే మేలు, కానీ పిల్లలు ఆ దేశంలో గట్టిగా కలిసిపోయేది నార్వేలోనే అని నా నమ్మకం, పాకిస్తానీ దంపతులకి అక్కడే పుట్టిన హాదియా తాజిక్ 2012లో మంత్రి అయినప్పుడు ఆమెకి 29 ఏళ్లే.