సిల్కీ కోడిపిల్లలు కొనేవారికి హెచ్చరిక: అయిదు వేళ్లు, నల్ల చర్మం చూసి డబ్బు కట్టకండి

పట్టుకుచ్చులాంటి మెత్తని ఈకలుండే చిన్న అలంకార జాతి కోడి సిల్కీ. ఆ జాతి పుంజును సంకర జాతి పెద్ద పెట్టలతో జతకట్టించి, వచ్చిన పిల్లలను అసలైన సిల్కీలుగా చెప్పి, ఆ ధరకే అమ్ముతున్న వ్యవహారం నా అనుభవంలోకి వచ్చింది. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇంటి పెరట్లో నాలుగు ఫ్యాన్సీ కోళ్లు పెంచుకోవాలని ఆశపడేవారు పిల్లలను కొనేముందు ఏమి చూడాలో, అమ్మేవారిని ఏమి అడగాలో వివరంగా చెప్పడమే నా ఉద్దేశం.

ప్రకటనతోపాటు నాకు వచ్చిన వీడియోలో తెల్లని సిల్కీ పుంజు, దాని పక్కనే తెల్లని సిల్కీ పెట్ట ఉన్నాయి. ఆ పుంజు నిజమైనదే. బస్సు పార్శిల్‌లో వచ్చిన ఒకరోజు పిల్లలకు కూడా అయిదేసి వేళ్లు, నల్లని చర్మం, తలమీద కుచ్చు మొదలవుతున్న గుర్తు ఉండడంతో అనుమానానికి తావు లేకపోయింది. కొన్ని వారాలు గడిచి రెక్కల ఈకలు వచ్చేసరికి మాత్రం అవి మామూలు కోడి ఈకల్లాగే గట్టిగా, అంచులు అతుక్కుని ఉన్నాయి. అమ్మినవారిని అడిగితే, పెద్దయ్యాక ఈకలు విచ్చుకుంటాయని, అప్పటిదాకా ఓపిక పట్టాలని చెప్పారు. అది పూర్తిగా అబద్ధం. సిల్కీ ఈకలోని సన్నని పోగులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే కొక్కేలు పుట్టుకతోనే సరిగా ఏర్పడవు. అందుకే ఆ ఈక పట్టుకుచ్చులా విడివిడిగా ఉంటుంది. గట్టి ఈక వచ్చిన కోడి ఎన్నిసార్లు ఈకలు రాల్చుకున్నా మళ్లీ గట్టి ఈకే వస్తుంది. అదే మనిషి దగ్గర కొన్న మరొకరు స్వయంగా షెడ్డుకు వెళ్లి చూడగా, సిల్కీ పుంజులు గోధుమరంగు సంకర పెట్టల మధ్యనే తిరుగుతున్నాయని, వీడియోలోని తెల్లని పెట్ట వేరే గదిలో ఒంటరిగా ఉందని తెలిసింది.

మోసం ఇంత సులభంగా సాగడానికి కారణం వంశపారంపర్య లక్షణాల తీరులోనే ఉంది. అయిదో వేలు, తలకుచ్చు, లోపలి నల్లదనం తెచ్చే జన్యువు ప్రబల లక్షణాలు. అంటే తండ్రి ఒక్కడి నుంచి వచ్చినా పిల్లల్లో కనిపిస్తాయి. పట్టు ఈక అలాంటిది కాదు. అది తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. కాబట్టి సిల్కీ పుంజుకు, మామూలు పెట్టకు పుట్టిన మొదటి తరంలో పట్టు ఈక ఉన్న పిల్ల ఒక్కటి కూడా ఉండదు. కొనేవారు సాధారణంగా వేళ్లు లెక్కపెట్టి, చర్మం రంగు చూసి సంతృప్తి పడతారు. ఆ గుర్తులు తండ్రి సిల్కీ అని మాత్రమే చెబుతాయి, తల్లి గురించి ఏమీ చెప్పవు. పైగా ఒకరోజు పిల్ల ఏ జాతిదైనా ఒంటినిండా నూగుతోనే ఉంటుంది కాబట్టి, తేడా తెలిపే ఒకే ఒక్క గుర్తు ఆ వయసులో కంటికి కనబడదు. ఇలాంటి అమ్మకందారులు పెద్ద పిల్లలను ఇవ్వకుండా ఒకరోజు పిల్లలనే అంటగట్టడానికి అదే కారణమని నా నమ్మకం.

నల్ల చర్మం విషయంలో ఇంకొక సంగతి తెలుసుకోవాలి. బేట్‌సన్, పన్నెట్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్తలు సిల్కీలను పసుపు కాళ్లుండే లెగ్‌హార్న్ జాతి కోళ్లతో సంకరం చేసి, చర్మం రంగు ఎలా సంక్రమిస్తుందో 1911లో ప్రచురించారు. సిల్కీ పుంజును లెగ్‌హార్న్ పెట్టతో కలిపినప్పుడు పుట్టిన పెట్టలు తండ్రిలాగే నల్లగా ఉన్నాయి. పుంజుల్లో మాత్రం ఆ నలుపు బాగా తగ్గిపోయింది. నల్లదనాన్ని అణచిపెట్టే జన్యువు లింగ క్రోమోజోముపై ఉండడం, లెగ్‌హార్న్ తల్లి దాన్ని కొడుకులకు మాత్రమే ఇవ్వగలగడం దీనికి కారణం. నాకు వచ్చిన పిల్లల్లో సరిగ్గా ఇదే జరిగింది: పెట్టలుగా తేలినవాటి కాళ్లు నల్లగా ఉండగా, పుంజుల కాళ్లు వెలిసిన బూడిదరంగుకు వచ్చాయి. ఒకే జట్టు పిల్లల్లో పుంజులకు, పెట్టలకు కాళ్ల రంగు ఇలా వేరుగా కనిపిస్తే తల్లి పసుపు కాళ్ల లేదా తెల్ల కాళ్ల పెట్ట అయి ఉంటుందని గట్టిగా అనుమానించవచ్చు. అయితే తల్లి నల్లకాళ్ల నాటుపెట్ట అయితే ఈ తేడా రాదు. అందువల్ల అందరి కాళ్లూ నల్లగా ఉన్నంత మాత్రాన జాతి స్వచ్ఛమని అనుకోకూడదు.

అమ్మేవారు ఈ పని ఎందుకు చేస్తారో కూడా స్పష్టమే. సిల్కీ పెట్ట తక్కువ గుడ్లు పెడుతుంది, పెట్టిన కొద్దికాలానికే పొదుగుకు కూర్చుంటుంది. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన గ్రామప్రియ వంటి పెట్ట ఏడాదికి 200కు పైగా గుడ్లు పెట్టగలదు. చిన్న పుంజుకు పెద్ద పెట్టను తొక్కడం కష్టమై కొన్ని గుడ్లు పొదగకపోయినా, ఇంక్యుబేటర్ నిండడానికి కొరత ఉండదు. పిల్ల ధర మాత్రం నాటుపిల్ల ధరకు ఎన్నో రెట్లు.

గుడ్లు కొని పొదిగించుకునేవారికి తల్లిని పట్టుకోవడం కొంత సులువు. గుడ్డు పరిమాణం, పెంకు రంగు తల్లి మీదే ఆధారపడతాయి, పుంజుకు అందులో పాత్ర లేదు. సిల్కీ గుడ్డు చిన్నది, మీగడ రంగులో ఉంటుంది; గోధుమరంగు పెంకుతో 55 గ్రాములు దాటిన గుడ్డును సిల్కీ గుడ్డని ఎవరు చెప్పినా నమ్మకండి. అలాగే పెట్టను వేరే పుంజు నుంచి విడదీసిన తరువాత కూడా రెండు మూడు వారాలపాటు పాత పుంజు బీజం దాని కడుపులో నిలిచి ఉంటుంది కాబట్టి, నిన్న మొన్న జత మార్చిన గుడ్లు తీసుకోవడం క్షేమం కాదు. కోస్తా జిల్లాల్లో పందెం కోళ్లు పెంచేవారు డబ్బు చేతికి ఇవ్వకముందే తల్లి ఎవరిది, తండ్రి ఎవరిది అని తరతరాల చరిత్ర అడుగుతారు. పందేలను నేను సమర్థించను కానీ, ఆ విచారించే అలవాటు అలంకార జాతులు కొనే మనకూ అవసరం.

నేను ఇప్పుడు పాటించే పద్ధతి ఇది. కనీసం నాలుగైదు వారాలు నిండి, రెక్క ఈక కనిపించే పిల్లనే తీసుకుంటాను. తల్లిదండ్రులు ఒకే గదిలో, వేరే కోళ్లు లేకుండా ఉన్నప్పుడు నేరుగా చూస్తాను. దూరమైతే వీడియో కాల్‌లో గది మొత్తం తిప్పి చూపించమంటాను. ఈ మాటకు విసుక్కునేవారి దగ్గర కొనను. పట్టు ఈక ఉన్నా సరిపోదని కూడా గుర్తుంచుకోవాలి. మొదటి తరం సంకర పెట్టను మళ్లీ సిల్కీ పుంజుతో కలిపితే దాదాపు సగం పిల్లలకు పట్టు ఈక వస్తుంది, వాటిని చూసి జాతి కోళ్లని పొరపడడం చాలా తేలిక. అమెరికా ప్రమాణాల ప్రకారం సిల్కీ పుంజు సుమారు ఒక కిలో మాత్రమే తూగాలి. తల్లిదండ్రులు, ముఖ్యంగా పెట్ట, ఆ కొలతకు చాలా మించి ఉంటే కారణం అడగండి.

ఇప్పటికే ఇలాంటి పిల్లలు చేరినవారు వాటిని వదిలించుకోనవసరం లేదు. సిల్కీ సంకర పెట్టలు శ్రద్ధగా పొదుగుతాయి, ఇతర జాతుల గుడ్లు పెట్టి పిల్లలను తీయించుకోవచ్చు. వాటి సంతానాన్ని మాత్రం ఎవరికీ సిల్కీల పేరుతో ఇవ్వకండి. డబ్బు విషయానికి వస్తే, వ్యాపారంగా అమ్మేవారిపై 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే మార్గం చెబుతారు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో రుసుము ఉండదు. అందుకు ప్రకటనలో సిల్కీ అని రాసిన మాట, చెల్లింపు వివరం, సంభాషణ అన్నీ కావాలి. వారు ప్రకటనను తొలగించకముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.