పౌడర్లు తారుమారు కాకుండా: లేబులా, బెంచీ మీద ఒకే డబ్బానా, ఇంటికి ఒకే పౌడరా?

టెక్సాస్‌లో మాతో రేంజ్‌కి వచ్చేవాళ్లలో కొత్తగా రీలోడింగ్ (కాల్చేసిన తూటాల ఇత్తడి కేసుల్లో పౌడర్, అంటే తుపాకీ మందు, మళ్లీ నింపుకోవడం) మొదలుపెట్టిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటుంది. రైఫిల్ తూటాలు నింపేటప్పుడు ఒక పౌడర్ బదులు ఇంకోటి పడకుండా ఏ పద్ధతి మేలు? హాపర్‌కి (పౌడర్ కొలిచి పోసే మెజర్ పైనుండే గొట్టానికి) లేబుల్ అంటిస్తే సరిపోతుందా, బెంచీ మీద ఒకే డబ్బా ఉంచాలా, అసలు ఇంట్లో ఒకే రకం పౌడర్ కొంటే గొడవ వదిలిపోతుందా?

అన్ని తారుమార్లూ ఒక్కలాంటివి కావు. .308 వించెస్టర్ అనే రైఫిల్ తూటాకి సామీ (అమెరికాలో తుపాకులు, తూటాల ప్రమాణాలు పెట్టే సంస్థ) పెట్టిన గరిష్ట సగటు పీడనం 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). రైఫిల్ పౌడర్ నెమ్మదిగా మండుతుంది కనుకే అంత పెద్ద కేస్‌లో దాదాపు నిండుగా పోసినా పీడనం ఆ హద్దు దాటదు. టైట్‌గ్రూప్, బుల్స్‌ఐ లాంటి పిస్టల్ పౌడర్లు చాలా వేగంగా మండుతాయి. రైఫిల్ పౌడర్ పోయాల్సినంత బరువులో అవి పడితే రైఫిల్ పేలిపోతుంది, పట్టుకున్న మనిషి చేతులూ కళ్లూ పోవచ్చు. పక్కపక్క వేగాలున్న రెండు రైఫిల్ పౌడర్లు మారడం కూడా ప్రమాదమే, కానీ పిస్టల్ పౌడర్ విషయంలో రెండో అవకాశం ఉండదు. అందుకే ఏ పద్ధతి పాటించినా పిస్టల్ పౌడర్లను వేరే అలమరాలో పెట్టండి. రైఫిల్ పని ఉన్న రోజు ఆ అలమరా తలుపు తెరవకండి.

ఇక లేబుల్. హాపర్ మీద టేపు అంటించి పౌడర్ పేరు రాయడం తేలిక, ఖర్చు లేదు. చిక్కేమిటంటే పౌడర్ మార్చడం ఒక పని, టేపు మార్చడం ఇంకో పని. తొందరలో మొదటిది చేసి రెండోది మరిచిపోతే హాపర్ మీద నిన్నటి పేరు ఉంటుంది, లోపల ఇవాళ్టి పౌడర్ ఉంటుంది. పేరు సగమే రాస్తే ఇంకా కష్టం. ‘4350’ అని మాత్రం రాస్తే హాడ్జ్‌డన్ హెచ్ 4350నా, ఐఎంఆర్ 4350నా, అక్యురేట్ 4350నా? మూడూ వేర్వేరు పౌడర్లు, ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు. 4831 కూడా అంతే. ఇటు చూస్తే హెచ్‌పీ-38, వించెస్టర్ 231 పేర్లు వేరైనా పౌడర్ ఒక్కటే. ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లకి ఇంకో మెలిక: హాడ్జ్‌డన్ వార్‌గెట్ అక్కడ ఏఆర్ 2208, హెచ్ 4350 ఏమో ఏఆర్ 2209. ఒక్క అంకె తేడా. టేపు మీద పేరు, నంబరు పూర్తిగా రాస్తేనే లేబుల్‌కి విలువ.

నా ఓటు బెంచీ మీద ఒకే డబ్బాకి. కారణం చాలామంది అనుకునేది కాదు. పౌడర్ పోసేటప్పుడు అందరం జాగ్రత్తగానే ఉంటాం, అప్పుడు బుర్ర తాజాగా ఉంటుంది. ప్రమాదం పని అయిపోయాక వస్తుంది. అలిసిపోయి, హాపర్‌లో మిగిలినదాన్ని తిరిగి డబ్బాలో పోసే క్షణంలో. మొదట్లో జరిగే తప్పు ఆ రోజు నింపిన తూటాలతో ఆగుతుంది, అనుమానం వస్తే అవన్నీ పక్కన పెట్టేయొచ్చు. చివర్లో వేరే డబ్బాలోకి పోస్తే ఆ డబ్బా మొత్తం పాడవుతుంది. నెలల తర్వాత దాన్ని తీసినప్పుడు పైన పేరు సరిగ్గానే ఉంటుంది, మీ జాగ్రత్తలన్నీ మీరు పాటిస్తారు, తూటా మాత్రం ఆ పేరుకి తగ్గట్టు ఉండదు. ఈ తప్పుని లేబుల్ పట్టుకోలేదు.

బెంచీ మీద ఒక్క డబ్బానే ఉంటే తిరిగి పోయడానికి ఇంకోటి చేతికందదు. అయితే నియమం పూర్తిగా పాటించాలి. హాపర్ నిండగానే డబ్బాను అలమరాలోకి పంపేయకూడదు, హాపర్ ఖాళీ అయ్యేదాకా పక్కనే ఉంచాలి. మెజర్‌లో తిరిగే డ్రమ్ములో నాలుగు గింజలు అంటుకుని ఉంటాయి, హ్యాండిల్ కొన్నిసార్లు తిప్పి, బ్రష్‌తో దులిపి చూడాలి. రాత్రికి హాపర్‌లో పౌడర్ వదిలేయొద్దు. రేపు చూస్తే అదేమిటో జ్ఞాపకం మీదే ఆధారపడాలి, పైగా నైట్రోగ్లిజరిన్ ఉన్న పౌడర్లు ప్లాస్టిక్‌ని పాడుచేస్తాయి. పౌడర్ ఎప్పుడూ దాని అసలు డబ్బాలోనే ఉండాలి, ఖాళీ డబ్బాలో వేరే పౌడర్ నింపకూడదు.

ఇంటికి ఒకే పౌడర్ అనేది వినడానికి బాగుంటుంది. .223, .308 రైఫిళ్లు రెండే ఉన్నవాళ్లకి వార్‌గెట్ ఒక్కటే సరిపోతుంది, వాళ్లకి ఇదే చెప్తాను. కానీ పిస్టల్‌కీ నింపుకుంటే ఈ పద్ధతి అక్కడే ఆగిపోతుంది. కావాల్సిన పౌడర్ దుకాణాల్లో దొరకని కాలం వస్తే ఏది దొరికితే అది తెచ్చుకుంటాం, అప్పుడు ఇంట్లో రెండోది, మూడోది చేరతాయి.

కంటితో గుర్తుపట్టడం ఒక పద్ధతే కాదు. రెడ్ డాట్, గ్రీన్ డాట్ లాంటివాటిలో రంగు రేకులు కలుపుతారు, అవి తప్ప సన్నటి నల్ల కడ్డీల్లో ఏది ఏదో చెప్పడం కష్టం. ఎలక్ట్రానిక్ డిస్పెన్సర్ బరువు చూస్తుంది, పౌడర్ ఏదో చూడదు. కేస్ బాగా నిండే పౌడర్ ఎంచుకుంటే రెండుసార్లు పోసిన తప్పు పొంగిపొర్లి కనిపిస్తుంది. అది మంచిదే గానీ మారిన పౌడర్‌ని ఆపదు.

డబ్బా మీద ఏ కాస్త అనుమానం వచ్చినా, అది సగం నిండి ఉన్నా సరే, వాడొద్దు. పచ్చిక మీద పలచగా చల్లేస్తే సరి, అందులోని నైట్రోజన్ గడ్డికి ఎరువవుతుంది. ఆ డబ్బాతో ఇప్పటికే నింపిన తూటాలుంటే పుల్లర్‌తో బుల్లెట్లు ఊడదీసి, బయటికొచ్చిన పౌడర్‌ని ఏ డబ్బాలోకీ పోయకుండా అదే పచ్చికకి పంపండి.