మైకు ఆన్ చేసి ఆడితేనే బీజీఎంఐ: ఏళ్ల తరబడి ఆడాక నా సమీక్ష

బీజీఎంఐ, అంటే ఫోన్‌లో ఆడే 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' అనే షూటింగ్ ఆట. దాని మీద వచ్చే సమీక్షలు ఎక్కువగా ఒకే తీరులో ఉంటాయి. ఏ ఫోన్‌లో ఎన్ని ఫ్రేములు వస్తున్నాయి, కొత్త అప్‌డేట్‌లో ఏ గన్ను బలం పెంచారు, ఏ స్కిన్ బాగుంది అని. అవన్నీ కావాల్సినవే. కానీ పబ్జీ మొబైల్‌గా వచ్చిన 2018 నుంచి ఆడుతున్న నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఇంకో సంగతి. ఈ ఆట నాకు మాట్లాడటం నేర్పింది. నలుగురు కలిసి ఒక పనిలో ఉన్నప్పుడు ఏది చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్నది నాకు బడిలోనూ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు. ఈ ఆటలో మాత్రం నలుగురి ప్రాణాలూ దానిమీదే ఉంటాయి.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. విమానంలోంచి వంద మంది దూకుతారు. ఎరాంగెల్ మ్యాప్ అయితే 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. ఇళ్లల్లో దొరికిన గన్నులు, మందులు ఏరుకోవాలి. మ్యాప్ మీద సురక్షితమైన వలయం ఒకటి ఉంటుంది, దాన్నే జోన్ అంటారు. అది కుదించుకుపోతూ ఉంటుంది, బయట ఉంటే హెల్త్ కరిగిపోతుంది. నలుగురు ఒక స్క్వాడ్. అరగంటలో ఒక్క స్క్వాడ్ మిగులుతుంది. అంతే ఆట.

చరిత్ర కూడా క్లుప్తంగా చెప్తాను. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్జీ మొబైల్ ఒకటి. ఆ అక్టోబరు 30న మన దేశంలో సర్వర్లు ఆగాయి. 2021 జూలై 2న బీజీఎంఐ పేరుతో కొరియా కంపెనీ క్రాఫ్టన్ దాన్ని మన దేశం వరకు మళ్లీ తెచ్చింది. 2022 జూలై 28న స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మే నెలలో తిరిగొచ్చింది. ఈ రాకపోకల్లో మాకు పోయింది ఒక్క మనిషి. డాలస్‌లో ఉండే మా పెదనాన్న కూతురు అప్పట్లో మా నాలుగో ప్లేయరు. బీజీఎంఐ ఇండియాకే పరిమితం కావడంతో అక్క అటు, మేము ఇటు అయిపోయాం. పండక్కి ఫోన్ చేసినా మాటలు ఇంకా ఎరాంగెల్‌లోని పోచింకీ ఊరి దగ్గరికే వస్తాయి.

ఇక అసలు విషయం. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బండ్లు చూసుకుంటాను. పొద్దున్నుంచి రాత్రి దాకా డ్రైవర్ల ఫోన్లే. మా స్క్వాడ్‌లో నేను, ఖమ్మంలో ఉండే మా బావ, గుంటూరు హాస్టల్లో ఉండి బీటెక్ చదివిన మా పిన్ని కొడుకు. నాలుగో మనిషి గురించి తరువాత చెప్తాను.

కొత్తగా ఆడేవాడు ఎనిమీ కనపడగానే అరిచేది ఒకటే: "అక్కడ! అక్కడ! కొడుతున్నాడు!" ఆ "అక్కడ" వల్ల మిగతా ముగ్గురికీ ఏమీ తెలియదు. ఎవరి స్క్రీన్ వాళ్లది, ఎవరు చూసే దిక్కు వాళ్లది. అందుకే స్క్రీన్ పైన దిక్సూచి పెట్టారు, దాని మీద డిగ్రీలు ఉంటాయి. అలవాటైనవాడు ఇలా చెప్తాడు: "195. రెండంతస్తుల ఇల్లు. పైన ఒకడు. ఒక బుల్లెట్ తగిలింది." దిక్కు, గుర్తు, ఎంతమంది, వాళ్ల పరిస్థితి. రెండు సెకన్ల మాట. ఆ మాట విన్నాక బావ మళ్లీ "195, పైన ఒకడు, నేను ఎడమ నుంచి వెళ్తున్నా" అంటాడు. విన్నానని చెప్పడం, ఏం చేయబోతున్నాడో చెప్పడం రెండూ అందులోనే అయిపోతాయి. ఆ జవాబు రాకపోతే చెప్పిన మాట చేరలేదని లెక్క, మళ్లీ చెప్పాలి.

మా ఆఫీసులో ఇప్పుడు నడుస్తున్నది సరిగ్గా ఇదే పద్ధతి. ఒకప్పుడు రాత్రిపూట బండి ఆగిపోతే డ్రైవరు ఫోన్ "అన్నా, బండి ఆగిపోయిందన్నా, ఏం చేయాలో తెలియట్లేదన్నా" అని మొదలయ్యేది. ఎక్కడున్నాడో తెలుసుకోవడానికే పది ప్రశ్నలు. ఇప్పుడు కొత్తగా చేరిన కుర్రాడికి మొదటిరోజే చెప్తాను: ముందు ఎక్కడున్నావో చెప్పు, తరువాత ఏమైందో, తరువాత సరుకు ఎలా ఉందో. మొన్న వర్షాల్లో ఒక బండి నుంచి వచ్చిన ఫోన్ ఇది: "చిల్లకల్లు టోల్ దాటా, విజయవాడ వైపు, ఎడమ పక్కన ఆపా. వెనక టైరు పోయింది. లోడు మీద పట్టా గట్టిగానే ఉంది, తడవలేదు." ఆ ఒక్క ఫోన్‌తో మెకానిక్కు బయల్దేరాడు, సరుకు వాళ్లకి నేను కబురు చేశాను. ఆ డ్రైవరు బీజీఎంఐ ఎప్పుడూ ఆడలేదు. పద్ధతి మాత్రం అక్కడిదే.

దీనికి రెండో వైపు ఉంది, నా దృష్టిలో అదే కష్టం. చనిపోయిన ప్లేయరు మిగిలినవాళ్ల స్క్రీన్లు చూడగలడు. వాడికి చేయడానికి ఏమీ ఉండదు, నోరు మాత్రం ఖాళీగా ఉంటుంది. "లెఫ్ట్ వెళ్లాల్సింది", "గ్రెనేడ్ వెయ్యి", "ఛ, అలా కాదు" అని మొదలుపెడతాడు. బతికున్నవాడికి అడుగుల చప్పుడు వినపడాలి. ఇయర్‌ఫోన్‌లో మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న శబ్దం ఈ మాటల్లో కొట్టుకుపోతుంది. మా స్క్వాడ్‌లో నియమం ఏమిటంటే, చచ్చినవాడు తనను కొట్టినవాడు ఎక్కడున్నాడో ఒక్కసారి చెప్పి మౌనంగా ఉండాలి. సలహా అడిగితేనే చెప్పాలి. ఇంట్లో పెళ్లి పనుల్లో, ఆఫీసులో, ఎక్కడైనా పని మోస్తున్నవాడి చెవిలో పక్కనున్నవాళ్లు ఎంత రొద పెడతారో ఈ ఆట ఆడాకే నాకు స్పష్టంగా వినపడటం మొదలైంది.

రివైవ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. దెబ్బ తిన్న స్క్వాడ్ ప్లేయరు వెంటనే చనిపోడు, నాక్ అవుతాడు. నేల మీద పాకుతుంటాడు, హెల్త్ తగ్గిపోతూ ఉంటుంది. తోటివాడు పక్కన కూర్చుని 10 సెకన్లు చేయి వేసి లేపాలి. ఆ 10 సెకన్లు లేపేవాడు గన్ను పేల్చలేడు, కదల్లేడు. కొట్టినవాడికి కావాల్సిందీ అదే. నాక్ అయినవాణ్ని వదిలేసి, వాడి కోసం పరిగెత్తుకొచ్చే రెండోవాడి మీద గురి పెట్టి కూర్చుంటాడు. అందుకే తెలిసినవాళ్లు పరిగెత్తరు. ముందు స్మోక్, అంటే పొగ గ్రెనేడ్ వేస్తారు. ఒకటి కాదు, రెండు. పొగ దట్టంగా అలుముకునేదాకా ఆగుతారు. ఒకడు కొట్టినవాడి వైపు కాలుస్తూ వాణ్ని తల ఎత్తనివ్వడు. అప్పుడు ఇంకొకడు లోపలికెళ్లి లేపుతాడు. "ఆగు, పాకి చెట్టు వెనక్కి రా, స్మోక్ వేస్తున్నా" అన్న మాట వింటే కిందపడ్డవాడికి సగం ధైర్యం వస్తుంది.

మా పిన్ని కొడుక్కి మూడో ఏడాదిలో సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో తెలిసిన రోజు రాత్రి బావ నాకు ఫోన్ చేశాడు. నేను వెంటనే గుంటూరు వెళ్లి వాడితో మాట్లాడతానన్నాను. బావ అన్నదల్లా ఒకటే: "ముందు పొగ వెయ్ బావా, తరువాత లేపుదాం." నాకు వెంటనే అర్థమైంది. బావ పిన్ని వాళ్లింటికి వెళ్లి, బంధువుల ఫోన్లు వాడి దాకా పోకుండా చూశాడు. ఎవరడిగినా "వాడు చదువుకుంటున్నాడు, పరీక్షలయ్యాక మాట్లాడతాడు" అని తనే చెప్పాడు. మా మామయ్య ఒకాయన హాస్టల్‌కే వెళ్తానంటే ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడింది నేను. వారం గడిచాక, వాడు కాస్త తేరుకున్నాక, ఏ సబ్జెక్టు ముందు రాయాలో, ట్యూషన్ ఎక్కడ దొరుకుతుందో కూర్చుని చూసుకున్నాం. మొదటి రోజే మేమందరం మంచి మాటలు చెప్పడానికి అక్కడికి పోయి ఉంటే వాడు ఫోన్ స్విచాఫ్ చేసేవాడని ఇప్పటికీ అంటాడు. సాయం చేయాలనే తొందరకీ, సాయానికీ మధ్య ఉన్న దూరాన్ని నేను ఇంత దగ్గరగా ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు నాలుగో మనిషి. డాలస్ అక్క దూరమయ్యాక నాలుగో స్థానంలో రాండమ్‌గా, అంటే ఆటే జతచేసిన తెలియనివాళ్లు ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. ఒకరు మాత్రం రోజూ కలవడం మొదలైంది. మైకు ఎప్పుడూ ఆఫ్. మ్యాప్ మీద మార్కర్ పెట్టడం, క్విక్ చాట్‌లో "ఎనిమీ ముందున్నాడు" అని నొక్కడం, అంతే. కానీ ఆ మార్కర్ పెట్టే తీరు చూస్తే, మాట్లాడే ముగ్గురికన్నా ఎక్కువ చెప్పినట్టుండేది. మేము ఎటు వెళ్లాలో మార్కు, బండి ఎక్కడుందో మార్కు, విమానం వదిలే సామాన్ల పెట్టె, అదే డ్రాప్, ఎక్కడ పడిందో మార్కు. కార్ 98 అనే స్నైపర్ గన్ను పట్టుకుంటే దూరం నుంచి హెల్మెట్ పగిలేది. చాలా రోజులకి ఒక రాత్రి మైకు ఆన్ అయింది. నిజామాబాద్ వైపు బడిలో లెక్కలు చెప్పే టీచరు. మా తమ్ముడు ఉబ్బితబ్బిబ్బై "అక్కా, ఇన్నాళ్లూ ఆ కార్ 98 మీదేనా!" అన్నాడు.

ఈ టీచరక్క మైకు ఎందుకు ఆఫ్‌లో పెట్టేవారో మేము అడగలేదు, ఆవిడే చెప్పారు. ఆడగొంతు వినపడగానే కొందరు రాండమ్స్ మొదలుపెట్టే మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. "తిట్టేవాణ్ని మ్యూట్ చేస్తే పోతుంది. మిగతా ఇద్దరూ విననట్టు ఆడుకుంటూ పోతారు చూడండి, అది కష్టంగా ఉండేది" అన్నారు. ఆ మాట నాలో ఉండిపోయింది. ఇప్పుడు మా స్క్వాడ్‌లో ఎవరైనా లేనప్పుడు రాండమ్ వచ్చి నోరు జారితే, మొదట మాట్లాడేది బావ: "తమ్ముడూ, ఇక్కడ అలా కుదరదు." రెండోసారి అంటే మ్యూట్, రిపోర్ట్. మా ఆఫీసు బిల్లింగ్ కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి మీద ఒక బ్రోకరు స్పీకర్ ఫోన్లో అరిస్తే, ఆమె జవాబు వెతుక్కునే లోపే నేను ఫోన్ అందుకున్నాను. అప్పుడు నా చెవిలో మోగింది టీచరక్క మాటే.

జోన్ విషయం త్వరగా చెప్పేస్తాను. ఎరాంగెల్‌లో మిలిటరీ బేస్ దక్షిణాన వేరే ద్వీపం మీద ఉంటుంది, అక్కడి నుంచి పెద్ద భూభాగానికి రెండే వంతెనలు. మంచి లూట్ ఉంటుందని దిగుతారు. జోన్ ఉత్తరాన పడితే చివరి నిమిషంలో వంతెన ఎక్కాలి, అక్కడ ఇంకో స్క్వాడ్ కాచుక్కూర్చుని ఉంటుంది. ఏరుకున్నది చాలని ముందే లేచినవాడు బతుకుతాడు. హైదరాబాద్‌లో పగటిపూట పెద్ద లారీలకు ఆంక్షలుంటాయి కాబట్టి మా బండ్లకీ ఇదే లెక్క. ఇంకో రెండు పార్సిళ్లు వస్తాయని ఆపితే ఊరి బయట పూటంతా నిలబడాలి.

బాగోలేనివీ చెప్పాలి. సీజన్ మారగానే టియర్, అంటే మన ర్యాంకు, కిందికి పడుతుంది, మళ్లీ ఎక్కాలి. అన్నిటికన్నా పై మెట్టు కాంకరర్ దాకా వెళ్లాలనే పట్టుదల చదువుకునే పిల్లల సమయాన్ని మింగేస్తుంది. ఈ ఆట మీద నాకున్న పెద్ద అభ్యంతరం అదే. 2023లో తిరిగొచ్చినప్పుడు 18 ఏళ్ల లోపువాళ్లకి రోజుకు 3 గంటలు, మిగతావాళ్లకి 6 గంటలు అని పరిమితి పెట్టారు. పిల్లలకి ఆ 3 గంటలు కూడా ఎక్కువే అంటాను. డబ్బు పెట్టి కొనే ఆటలోని కరెన్సీ యూసీతో క్రేట్లు, అంటే బహుమతి పెట్టెలు, తెరవడం పూర్తిగా అదృష్టం మీద నడిచే వ్యవహారం. అందులో వచ్చే బట్టలు, గన్ను స్కిన్నులు ఆటలో బలం పెంచేవేమీ కావు. డబ్బు పెట్టకుండానే పూర్తిగా ఆడొచ్చు, అలాగే ఆడండి. ఇంకో మాట. దీన్ని ఆన్‌లైన్ రమ్మీతో కలిపి మాట్లాడే పెద్దలు మన దగ్గర చాలామంది. డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. ఆ చట్టమే ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా ఆడే వీడియో గేములను, వేరుగా గుర్తించింది. రెండూ ఒకటి కావు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా. ముందు తెలిసినవాళ్లు నలుగురు కూడండి, రాండమ్స్‌తో మొదలుపెట్టొద్దు. వాయిస్‌ను అందరికీ వినపడే 'ఆల్'లో కాకుండా మన స్క్వాడ్‌కే వినపడే 'టీమ్'లో ఉంచండి. గురి కుదరడానికి టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్, రెండు జట్ల పొట్టి పోరు) ఆడండి, మాట కుదరడానికి మాత్రం పైన చెప్పిన వంద మంది ఆట, ఎరాంగెల్ క్లాసికే ఆడాలి. దిక్సూచి చూసి డిగ్రీలు చెప్పడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఇంట్లో పిల్లలు ఆడుతుంటే, అమ్మానాన్నలు ఒక పని చేయండి. ఇయర్‌ఫోన్ తీయించి, ఒక్క మ్యాచ్ స్పీకర్‌లో పెట్టించి పక్కన కూర్చోండి. ఎవరితో ఆడుతున్నారో, అవతలివాళ్లు ఎలా మాట్లాడుతున్నారో, మీవాడు వాళ్లతో ఎలా మాట్లాడుతున్నాడో ఆ అరగంటలో తెలిసిపోతుంది. ఆడనివ్వాలా, మాన్పించాలా అన్నది అది విన్నాక తేల్చుకోండి.