పాతికేళ్లు వాడాక మెటాలికా ఎలా ఉంది

మిక్సీ కొన్న వారానికే ఐదు నక్షత్రాలు ఇచ్చేవాళ్లని నేను నమ్మను. రెండేళ్లు పోయాక, బ్లేడు మొద్దుబారి, మూత రబ్బరు వదులయ్యాక చెప్పమనండి, అప్పుడు వింటాను. ఆల్బమ్‌ల సంగతీ అంతే. విడుదలైన వారంలో నేను స్నేహితుల దగ్గర గొంతు చించుకుని ఇచ్చిన తీర్పుల్లో సగానికి పైగా తప్పేనని ఇప్పుడు తెలుస్తోంది. అందుకే పాతికేళ్లకు పైగా వాడి, అరగదీసి, మధ్యలో ఒకట్రెండు సార్లు అలిగి పక్కన పెట్టి, మళ్లీ తెచ్చుకున్నాక రాస్తున్న సమీక్ష ఇది. ఎక్కువ భాగం అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా గురించే. మిగతా బ్యాండ్లు మధ్యలో చుట్టపుచూపుగా వచ్చిపోతాయి.

1998లో కాకినాడలో ఇంజినీరింగ్ హాస్టల్. పై అంతస్తులో ఒక వైజాగ్ సీనియర్ దగ్గర డబుల్ డెక్ టేప్ రికార్డర్ ఉండేది. ఖాళీ క్యాసెట్ మనం తెచ్చుకుంటే రికార్డ్ చేసి పెట్టేవాడు. "విను. నచ్చకపోతే దాని మీదే ఇళయరాజా ఎక్కించుకో" అని ఇచ్చాడు మొదటిది. అది 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'. ఎనిమిది పాటలు, మొత్తం 55 నిమిషాలు. అరవై నిమిషాల క్యాసెట్‌లో అటు నాలుగు, ఇటు నాలుగు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. పాటలయ్యాక ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు సుయ్‌మంటూ ఖాళీ రీలు తిరిగేది. ఇళయరాజాని ఎక్కించాల్సిన అవసరం రాలేదు. సెలవులకి ఇంటికి తీసుకెళ్లి పెడితే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏంట్రా, ఆయనకి ఏమైందని అలా అరుస్తున్నాడు?" అంది.

ఇంత వాడినా ఆ ఆల్బమ్ ఎక్కడా అరగలేదు. 1986లో వచ్చింది. పాడుతూ గిటార్ వాయించే జేమ్స్ హెట్‌ఫీల్డ్ కుడిచేతిని గమనించండి. టైటిల్ పాటలో అంత వేగంలోనూ తీగల్ని పై నుంచి కిందికే మీటుతాడు. పైకీ కిందికీ మీటితే సగం శ్రమతో పోతుంది, కానీ ఆ బరువు రాదు. మా రూమ్మేట్ గిటార్ మీద అదే ప్రయత్నించి, నిమిషం తిరక్కుండా మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. ఇక 'ఒరాయన్'లో మాటల్లేవు. ఎనిమిదిన్నర నిమిషాల వాద్యసంగీతం. మధ్యలో అన్నీ సద్దుమణిగాక క్లిఫ్ బర్టన్ బేస్ గిటార్ ఒక్కటే మెల్లగా అడుగులేస్తూ వస్తుంది. ఆల్బమ్ వచ్చిన ఆర్నెల్లకి, సెప్టెంబర్ 27న, స్వీడన్‌లో వాళ్ల టూర్ బస్సు బోల్తా పడి క్లిఫ్ చనిపోయాడు. 24 ఏళ్లు. ఈ సంగతి తెలియనప్పుడు ఆ పాట ఒకలా వినేవాణ్ని, తెలిశాక ఇంకొకలా.

రెండో క్యాసెట్ '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్', 1988. నా కథలో అసలు ఘట్టం ఇది. ఆల్బమ్ 65 నిమిషాలు. క్యాసెట్ అరవై. మొదటి వైపు నాలుగు పాటలు అందీ అందక సరిపోయాయి. రెండో వైపు నాలుగో పాట 'టు లివ్ ఈజ్ టు డై' చివరి స్వరం తగ్గుతుండగానే ఠక్‌మని టేపు ఆగిపోయేది. ఆల్బమ్ అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. నిజానికి దాని తర్వాత 'డయర్స్ ఈవ్' అని ఐదు నిమిషాల పాట ఇంకోటి ఉంది. మూడేళ్లు ఆ పాట ఉందనే తెలియకుండా ఆ ఆల్బమ్‌కి వీరాభిమానిగా బతికాను.

ఇంకో చిక్కు ఏంటంటే, ఆ క్యాసెట్‌లో బేస్ వినిపించేది కాదు. డ్రమ్ములు టకటకా, గిటార్లు గరగరా, కింద పునాది మాత్రం లేదు. కాపీ చేయడంలో పోయి ఉంటుందనుకున్నాను. దూదికి స్పిరిట్ అద్ది హెడ్ తుడిచాను. సీనియర్‌తో మాటామాటా కూడా అయింది. "డెక్ మీద నింద వేస్తే ఇంకోటి రికార్డ్ చెయ్యను" అన్నాడు. తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక మొదటి జీతంలో సీడీ కొని పెడితే అందులోనూ లేదు! వాయించింది జేసన్ న్యూస్టెడ్, క్లిఫ్ స్థానంలో వచ్చిన కొత్తవాడు. మిక్సింగ్‌లో బేస్‌ని బాగా తగ్గించమన్నది బ్యాండ్ వాళ్లే. 2018లో ఆల్బమ్‌ని కొత్తగా శుభ్రపరిచి మళ్లీ విడుదల చేసినప్పుడైనా సరిచేస్తారని ఆశపడ్డాను. అలాగే ఉంచారు. ఒకందుకు నయమే. అభిమానులు బేస్ కలిపి తయారు చేసిన కూర్పులు నెట్‌లో ఉన్నాయి, విన్నాను, బాగానే ఉన్నాయి. కానీ నాకు తెలిసిన ఇల్లు అది కాదు. ఎండిన చెట్టులా ఎముకలు కనబడే ఆ సౌండే ఆ పాటలకి నప్పిందేమో అనిపిస్తుంది. సీనియర్‌కి మాత్రం ఇన్నేళ్ల తర్వాత ఫోన్ చేసి సారీ చెప్పాను. ఆయనకి గొడవే గుర్తులేదు.

1991 బ్లాక్ ఆల్బమ్ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. బాబ్ రాక్ నిర్మాతగా వచ్చి సౌండ్‌ని ఎక్కడికో తీసుకెళ్లాడు. గిటార్ చేతపట్టిన ప్రతి కుర్రాడూ 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' మొదలుతోనే ఎందుకు మొదలెడతాడంటే, మొదటి తీగలు ఎడమచేత్తో నొక్కకుండానే మోగుతాయి. హెట్‌ఫీల్డ్ ఫోన్‌లో మాట్లాడుతూ ఖాళీగా ఉన్న చేత్తో మీటుతుంటే పుట్టిందట అది. నేను స్పీకర్లు కొనడానికి వెళితే ఇప్పటికీ ఈ ఆల్బమే పెట్టించుకుంటాను. అయితే ఇంట్లో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా విని ఎన్నేళ్లైందో గుర్తులేదు. పెళ్లి భోజనంలో లడ్డూ లాంటిది, బాగుంటుంది, ఒకటి చాలు. 'లోడ్', 'రీలోడ్' వచ్చినప్పుడు జుట్టు కత్తిరించుకున్నారని జనం ఏడ్చారు. నాకు జుట్టుతో పేచీ లేదు, పాటలే మరీ ఎక్కువయ్యాయి. రెండు ఆల్బమ్‌లు కలిపి ఒకటి చేసుంటే బ్రహ్మాండంగా ఉండేది.

ఇక బిందె. 2003 జూన్, 'సెయింట్ ఆంగర్'. స్నేర్ డ్రమ్ము అడుగున సన్నటి తీగలుంటాయి. దెబ్బ పడగానే చుర్రుమనే శబ్దం వాటి వల్లే వస్తుంది. డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ ఆ తీగల్ని వదిలేసి వాయించాడు. దాంతో ప్రతి దెబ్బా స్టీలు బిందె మీద గరిటెతో కొట్టినట్టు ఠంగ్, ఠంగ్. 75 నిమిషాలు అదే. కర్క్ హామెట్ లాంటి గిటారిస్టుని పెట్టుకుని ఒక్క గిటార్ సోలో కూడా లేదు. నేను సీడీని రెండుసార్లు విని, ఆఫీసులో ఒకతనికి ఇచ్చేశాను. అప్పుడు నా తీర్పు, బ్యాండ్ పని అయిపోయింది.

ఆ తీర్పు సగం తప్పు. ఆ రికార్డింగ్ నాటి గొడవల మీద వచ్చిన డాక్యుమెంటరీ 'సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్' చాలా ఆలస్యంగా చూశాను. న్యూస్టెడ్ వెళ్లిపోయాడు, హెట్‌ఫీల్డ్ మధ్యలో రీహాబ్‌కి పోయాడు, బేస్ వాయించే మనిషి లేక నిర్మాత బాబ్ రాకే వాయించాడు. కోట్లు గడించిన నడివయసు మగవాళ్లు ఒక గదిలో కూర్చుని, కౌన్సెలింగ్ చేసే ఆయన ఎదురుగా ఒకర్నొకరు దెప్పుకుంటున్నారు. ఉమ్మడి కుటుంబంలో పొలం పంపకాలు చూసినవాళ్లెవరికైనా అది బాగా తెలిసిన దృశ్యమే. 2009లో మా కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్న రోజుల్లో, రాత్రి షిఫ్టు అయ్యాక క్యాబ్‌లో ఈ ఆల్బమ్ మళ్లీ పెట్టాను. ఆ టెన్షన్‌లో బిందె చప్పుడు ఎంత సరిగ్గా సరిపోయిందో! ఇప్పటికీ అందులో రెండు పాటలే నావి. మొన్నొకసారి హాల్లో పెడితే మా అమ్మాయి గదిలోంచి, "నాన్నా, వంటింట్లో ఏదో పడింది చూడు" అంది.

2008 సెప్టెంబర్‌లో వచ్చిన 'డెత్ మాగ్నెటిక్' దీనికి తిరగబడిన కేసు. పాటలు మంచివి, సోలోలు తిరిగొచ్చాయి, మొదటి వారం నేను పండగ చేసుకున్నాను. నెల తిరిగేసరికి వినాలంటే తల నొప్పి. కారణం నాకు మెల్లగా తెలిసింది. పాటలో నెమ్మదిగా ఉండాల్సిన చోటుకీ, గట్టిగా ఉండాల్సిన చోటుకీ తేడా లేకుండా అన్నిటినీ పైకప్పుకి అంటేలా లాగేశారు. ఎత్తు చాలక శబ్దపు తలలు తెగిపోయి, చిట్లినట్టు వినిపిస్తుంది. కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిచి చూస్తే అలలు ఉండవు, ఇటుక గోడ కనిపిస్తుంది. తమాషా ఏంటంటే, అదే రోజుల్లో 'గిటార్ హీరో' వీడియో గేమ్ కోసం ఇచ్చిన పాటల్లో ఈ రోత లేదు. పిల్లల ఆటలో వినిపించే సౌండ్ డబ్బు పెట్టి కొన్న సీడీ కన్నా బాగుందన్నమాట. మళ్లీ మిక్స్ చేయమని పది వేల మందికి పైగా అభిమానులు సంతకాలు పెట్టారు. ఇరవైల్లో ఇలాంటివి పట్టేవి కావు. నలభై దాటిన చెవికి ఇదే మొదటి సంగతి. పాట ఎంత గొప్పదైనా చెవికి ఊపిరాడకపోతే రెండోసారి పెట్టబుద్ధి కాదు.

2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్లని కళ్లారా చూశాను. రెండు రోజుల ముందు గుర్గావ్‌లో జరగాల్సిన కచేరీ ఆగిపోయి, జనం కోపంతో వేదిక మీద పడ్డారని వార్తల్లో చూసి, హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో ముగ్గురం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లాం, ఇదీ రద్దవుతుందేమోనని. కాలేదు. దీపాలు ఆరి, ఎప్పట్లాగే ఇటలీ సినిమా సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనే సంగీతం మొదలవగానే పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి నా భుజం పట్టుకుని ఏడ్చాడు. చెప్పొచ్చేదేమిటంటే, ఆ రోజు బేస్ వినిపించింది. రాబర్ట్ ట్రుహీయో బేస్ తీగ మీటితే షర్టు గుండీలు అదిరాయి. ఆ మర్నాడే రాక్ గాయకుడు లూ రీడ్‌తో కలిసి చేసిన 'లులు' విడుదలైంది. దాని గురించి మాత్రం నన్నేమీ అడక్కండి.

ఈ మధ్యలో వేరే బ్యాండ్లతోనూ కాపురం చేశాను. 2007లో రేడియోహెడ్ 'ఇన్ రెయిన్‌బోస్'ని వెబ్‌సైట్లో పెట్టి, మీకు తోచినంత ఇవ్వండి అంది. క్రెడిట్ కార్డు లేని నేను సున్నా అని కొట్టి తీసుకున్నాను. ఆ తప్పు తర్వాత సీడీ కొని దిద్దుకున్నాను. టూల్ 2006 తర్వాత ఆల్బమ్ ఇవ్వడానికి పదమూడేళ్లు తీసుకుంది. 'ఫియర్ ఇనాక్యులమ్' 2019లో వచ్చేసరికి నాకు పెళ్లై, పిల్ల బడికెళ్తోంది. ఐరన్ మెయిడెన్ 2015 ఆల్బమ్ 'ది బుక్ ఆఫ్ సోల్స్' చివర్లో పద్దెనిమిది నిమిషాల పాట ఒకటుంది. 1930లో ఇంగ్లండ్ నుంచి మన దేశానికి బయల్దేరి, ఫ్రాన్స్‌లో కూలిపోయిన ఆర్101 అనే గాలి ఓడ కథ. రాసి పాడిన బ్రూస్ డికిన్సన్ స్వయానా విమానం నడిపే పైలట్, అందుకే గాలి, వాన, బరువు లెక్కలు ఆ పాటలో అంత నిక్కచ్చిగా ఉంటాయి. ఆ ఆల్బమ్‌లో మిగతావి దాటేసినా ఆ ఒక్కటి ఎప్పుడూ దాటను.

మెటాలికా '72 సీజన్స్' వచ్చింది 2023 ఏప్రిల్ 14న. మనిషి మొదటి పద్దెనిమిదేళ్లకి నాలుగేసి రుతువుల చొప్పున 72 అని లెక్క. మన ఆరు రుతువుల లెక్కన అయితే 108 వచ్చేది, జపమాల పూసలన్ని! అరవైకి చేరుకున్న మనుషులు చిన్నతనపు గాయాల గురించి పాడుతుంటే వినబుద్ధేసింది. 77 నిమిషాలు మాత్రం ఎక్కువే, మధ్యలో మూడు పాటలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. చివరిది పదకొండు నిమిషాల పాట, 'లులు'ని పక్కన పెడితే వాళ్ల సొంత పాటలన్నిట్లో పొడవైనది. అదే అన్నిటికన్నా బాగుంది. ఇంకో పదేళ్లు వాడి చూస్తే గానీ దీని మీద మాట ఇవ్వలేను.

వింటున్నది ఇప్పుడు ఫోన్‌లోనే. క్యాసెట్లు అటక మీద అట్టపెట్టెలో ఉన్నాయి, రీళ్లకి బూజు పట్టింది. 'జస్టిస్' మొత్తం వింటే 'టు లివ్ ఈజ్ టు డై' ముగియగానే నా చెవి ఆ ఠక్ కోసం చూస్తుంది. అది రాదు. 'డయర్స్ ఈవ్' మొదలవుతుంది. మంచి పాటే, వేగంలో ఆల్బమ్‌కే మొనగాడు. అయినా నాకు ఇప్పటికీ ఎవరో పక్కింటి ఆల్బమ్‌లోంచి వచ్చినట్టే ఉంటుంది, సగం సార్లు ఆపేస్తాను.